తపాలా బంట్రోతా, ముద్రాపకుడా?



ఒకరు వ్రాసిన మాటను లోకానికి చేరవేసే అంతర్జాల సంస్థ ఆ మాటకు ఎంతవరకు బాధ్యత వహించాలి? ఈ ప్రశ్న మన తెలుగునేల నుండే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

2008లో ఆస్‌బెస్టాస్ నిషేధోద్యమ కార్యకర్త ఒకరు గూగుల్ వారి చర్చా సమూహంలో వ్యాసాలు ప్రకటించారు. అవి తమ పరువుకు భంగకరమని సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్ సికింద్రాబాదు న్యాయస్థానంలో ఫిర్యాదు చేసి, రచయితతోపాటు గూగుల్ ఇండియాను కూడ ముద్దాయిగా చేర్చింది. ఫిర్యాదును కొట్టివేయవలసినదన్న గూగుల్ అభ్యర్థనను 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చాయి. సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షనులోని విస్తృత రక్షణ 2009లో అమలైన సవరణతో వచ్చినదనీ, అంతకు ముందటి వ్యవహారానికి అది వర్తించదనీ తీర్పు సారాంశం. దోషమున్నదా లేదా అన్నది విచారణకే విడిచిపెట్టారు.

అచ్చుపనికి పేరుపడిన తెనాలిలో ఈ తర్కం కొత్తది కాదు. 1867 నాటి చట్టం ప్రతి పుస్తకంమీదా ముద్రాపకుని పేరు, ఊరు ఉండాలన్నది. 2024లో దాని స్థానాన్ని వేరొక చట్టం ఆక్రమించింది. అక్షరమక్షరం పేర్చే అచ్చుకూటం ఆ పుస్తకంలో ఏమున్నదో ఎరుగననలేదు. తపాలా బంట్రోతు మాత్రం ఉత్తరం విప్పడు; కనుక అందులోని తిట్టుకు అతనిని తప్పుపట్టము. అంతర్జాల వేదిక ఈ ఇద్దరిలో ఎవరు?

ఎవరూ కాదని నా అభిప్రాయం. కోట్లాది వ్రాతలను అది ముందుగా చదవదు. కనుక ముద్రాపకుడు కాదు. ఏ వ్రాత ఎవరి కంటబడాలో తానే ఎంచుతుంది; కనుక బంట్రోతూ కాదు. వ్రాసిన మాటకు రచయిత పూచీ పడాలి. ఎంచి వ్యాపింపజేసినదానికీ, న్యాయస్థానం తీయుమన్న తరువాత కూడ ఉంచినదానికీ వేదిక పూచీ పడాలి.

ఫిర్యాదు అందినదే తడవుగా తొలగిస్తే చాలదా అని కొందరంటారు. నగ్నచిత్రాల వంటి విషయాలలో అది సబబే; 2021 నాటి నియమాలు ఆ మాటే చెప్పాయి. కాని అన్నిరకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రేపల్లెలో ఆ రేకుల క్రింద కాపురమున్నవానికి ఈ సంగతి తెలియవద్దా? ఒక వ్యాసం పోతే వేదికకు నష్టం లేదు. వ్యాజ్యం వస్తే ఉన్నది. కనుక సంపన్నుని తాఖీదు చూడగానే అది తీసివేస్తుంది. మాలపల్లి నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించినపుడు నిషేధించినదెవరో తెలిసింది, ఎదిరించడానికి వీలు చిక్కింది, చివరకు నిషేధం తొలగింది. చడీచప్పుడు లేకుండా తీసివేసిన వ్యాసానికి ఆ అవకాశమేది?

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పు 66ఎ సెక్షనును కొట్టివేస్తూ, వేదికకు ‘తెలియడ’మంటే న్యాయస్థానపు ఉత్తరువో, ప్రభుత్వ ప్రకటనో అందడమేనని తేల్చింది. అది మంచి గీత. అయితే 2008 నాటి వ్రాతలపై తొలి అభ్యంతరం తేలడానికే 2019 కావలసివచ్చిన దేశంలో, నింద మోసిన సామాన్యుడు న్యాయస్థానాన్ని ఎట్లా నమ్ముతాడు?

అందుచేత తెనాలి, బాపట్ల వంటి ఊళ్ళ న్యాయస్థానాలలోనే ఇట్టి ఫిర్యాదులకు కొద్దిరోజులలో ఉత్తరువు లభించాలి. రచయిత వాదన వినాలి. తొలగించినచోట ఎవరి ఉత్తరువుతో తొలగించారో వ్రాసి ఉంచాలి. తీర్పు త్వరగా వస్తేనే నిందకు మందు దొరుకుతుంది, నిజానికి నోరు మిగులుతుంది.