రెండవ స్థానము

మార్కుల పట్టిక ఇంటికి పోయిన దినమున కొందఱు తండ్రులు బాలు నడుగు మొదటి ప్రశ్న, "మొదటివాడెవడు?" అని. రెండవ స్థానము పొందినవాడు దోషివలె తలవంచుకొని నిలుచును. అట్టి తండ్రులకు ఫిన్లాండు దేశపు గాయని సారా ఆల్టో చరిత్రము వినిపింపవలెనని నాకు తోచుచున్నది.

ఈమె 1987 లో ఔలున్సాలో అను ఊర జన్మించెను. ఐరోపా దేశముల పాటల పోటీయగు యూరోవిజనునకు తన దేశము పక్షమున పోదలచి, 2011 లో ఎంపికకై పాడి రెండవదయ్యెను. 2012 లో "ది వాయిస్ ఆఫ్ ఫిన్లాండ్" టెలివిజను పోటీలో రెండవ స్థానమే. 2016 లో మరల యూరోవిజను ఎంపికలోను అంతియే. ఆ యేడే ఇంగ్లండునకు పోయి, తనది కాని భాషలో, తనవారు కాని జనుల యెదుట "ఎక్స్ ఫాక్టర్" పోటీలో వారము వారము పాడెను. అచ్చటను రెండవదే! మొదటివాడు మాట్ టెర్రీ.

తుదకు 2018 లో యూరోవిజనునకు గాయనిగా ఆమెనే నిర్ణయించి, పాటను మాత్రము పోటీమీద ఎంచిరి. లిస్బను నగరమున జరిగిన తుదిపోటీలో 26 దేశములలో ఆమెకు 25వ స్థానము వచ్చెను.

"ఇన్నేండ్ల శ్రమకు ఫలమిదియా?" అని కొందఱనవచ్చును. నేనట్లనను. నాలుగు మారులు ఓడి, అయిదవమారు వేదిక నెక్కుటయే నాకు గొప్పగా కనబడుచున్నది. అయినను నేనును నిర్దోషిని గాను. నిరుడు మా తరగతిలో రెండవవాని పట్టికపై "ఇంకను శ్రమింపవలెను" అని వ్రాసితిని. ఈ యేడు ఏమి వ్రాయుదునా యని కలము పట్టుకొని కూర్చుండియున్నాను.