హోవార్డ్ వేదికపై హిప్-హాప్‌ది అతిథి హోదా కాదు

2019 వసంతంలో వాషింగ్టన్ నగరంలోని షా ప్రాంతంలో ఒక మొబైల్ దుకాణం ముందు పాట ఆగిపోయింది. సెవెంత్ స్ట్రీట్, ఫ్లోరిడా అవెన్యూ కలిసే మూలమీద ఏళ్ల తరబడి ఆ దుకాణం స్పీకర్లలో గో-గో సంగీతం మోగుతూ ఉండేది. అది ఆ ఊళ్లోనే పుట్టిన నల్లజాతివారి సంగీతం. పక్కన లేచిన ఖరీదైన అపార్టుమెంట్ల నుంచి ఫిర్యాదు రావడంతో స్పీకర్లు మూగబోయాయి. జనం ఊరుకోలేదు. 'డోంట్ మ్యూట్ డీసీ' అంటూ రోడ్డెక్కారు. బ్యాండ్లు నడివీధిలో వాయించాయి, వేలమంది సంతకాలు చేశారు. కొద్దిరోజులకే పాట తిరిగి మొదలైంది. మరుసటి ఏడాది గో-గోను నగర అధికారిక సంగీతంగా గుర్తిస్తూ చట్టమే చేశారు.

ఆ మూలకు కూతవేటు దూరంలోనే ఉంది హోవార్డ్ థియేటర్. 1910 ఆగస్టులో తలుపులు తెరిచింది. నల్లవారిని నగరంలోని చాలా హాళ్లు గడప తొక్కనివ్వని రోజుల్లో అది వాళ్ల థియేటర్. డ్యూక్ ఎలింగ్టన్ ఆ చుట్టుపక్కల పెరిగినవాడే. ఆర్థిక మాంద్యంలో మూతపడ్డ హాలును 1931లో మళ్లీ తెరిచినప్పుడు వాయించింది ఆయన బృందమే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత చెలరేగిన అల్లర్లలో ఆ ప్రాంతం తగలబడింది. వ్యాపారాలు దెబ్బతిన్నాయి. 1970లో థియేటర్ మూతపడింది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు తెరిచినా నిలదొక్కుకోలేకపోయింది. పాడుబడి, పైకప్పు కారుతూ దశాబ్దాలు గడిచాక, సుమారు 2.9 కోట్ల డాలర్ల ఖర్చుతో బాగుచేసి 2012 ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభించారు.

నల్లవారి సాటి థియేటర్లలో కొన్నింటికి ఈ అదృష్టం దక్కలేదు. బాల్టిమోర్‌లోని రాయల్ థియేటర్‌ను 1971లో, షికాగోలోని రీగల్‌ను 1973లో కూల్చేశారు.

ఇంత కష్టపడి నిలబెట్టిన వేదిక మీద ఎవరు పాడాలి? ఒక నియో-సోల్, హిప్-హాప్ జంట అక్కడ ప్రదర్శన ఇస్తుందంటే, కుర్రకారు టికెట్ల కోసం పెట్టిన కార్యక్రమమని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. పాత హాలుకు పాత జాజ్‌తోనే మర్యాద అని వాళ్ల వాదన. ఈ వాదన చరిత్ర ముందు నిలవదు. ఆ వేదిక వారసత్వంలో హిప్-హాప్‌కు పూర్తి వాటా ఉంది.

హిప్-హాప్ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సంగతి తెలుస్తుంది. హోవార్డ్ లాంటి థియేటర్ల వరసలో ఊరూరా తిరిగి ఎదిగిన గాయకుడు జేమ్స్ బ్రౌన్. న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో 1962 అక్టోబరులో తన ప్రదర్శనను రికార్డు చేయడానికి కంపెనీ ముందుకు రాకపోతే సొంత డబ్బు పెట్టుకున్నాడు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1973 ఆగస్టు 11న, అదే నగరంలోని బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్టుమెంట్ల కింద చిన్న హాల్లో ఒక పార్టీ జరిగింది. స్కూలు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి సిండీ క్యాంప్‌బెల్ పెట్టిన పార్టీ అది. రికార్డులు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కొద్ది సెకన్లకే జనం ఊగిపోతున్నారని ఆయన కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి ఆ ముక్కనే తిప్పి తిప్పి వినిపించే పద్ధతి పట్టాడు. ఆయన అలా తిప్పినవాటిలో జేమ్స్ బ్రౌన్ రికార్డులున్నాయి. హిప్-హాప్‌కు పునాది పడింది అక్కడే.

జంటగా పాడటమూ ఆ పరిసరాలకు కొత్త కాదు. థియేటర్‌కు దగ్గర్లోని హోవార్డ్ యూనివర్సిటీలో రొబర్టా ఫ్లాక్, డానీ హాథవే ఇద్దరూ చదివారు. పదిహేనేళ్ల వయసుకే స్కాలర్‌షిప్‌తో అక్కడ చేరింది ఫ్లాక్. 1972లో ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్ సోల్ సంగీతంలో మైలురాయి. ఫ్లాక్ 1973లో పాడి ప్రసిద్ధం చేసిన 'కిల్లింగ్ మీ సాఫ్ట్‌లీ'నే 1996లో లారిన్ హిల్ గొంతులో ఫ్యూజీస్ బృందం హిప్-హాప్ తరానికి అందించింది.

నియో-సోల్ జంటలో సోల్, హిప్-హాప్ ధారలు రెండూ కలిసి వినిపిస్తాయి. మార్షా ఆంబ్రోషియస్, నటాలీ స్టూవర్ట్‌ల 'ఫ్లొయెట్రీ' అందుకు చక్కని ఉదాహరణ. లండన్ నుంచి ఫిలడెల్ఫియా చేరి, 2002లో తొలి ఆల్బమ్ తెచ్చారు. మార్షా రాగం తీస్తుంటే నటాలీ కవిత్వాన్ని లయలో చెబుతుంది. బుర్రకథలో కథకుడికీ వంతలకూ నడిచే ఇచ్చిపుచ్చుకోవడం తెలిసిన తెలుగువారికి ఈ పొత్తు సులువుగానే పట్టుబడుతుంది. డ్రమ్ముల నడక కూడా గమనించదగ్గది. గాయకుడు డియాంజెలో 2000 నాటి ఆల్బమ్ 'వూడూ'లో డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ దెబ్బ పడాల్సిన చోట పడకుండా వెంట్రుకవాసి వెనకబడుతుంది. తాళం జారిపోయిందేమో అనిపిస్తుంది, జారదు. ఆ సందులోనే గొంతు ఊపిరి తీసుకుంటుంది. అది ఫోన్‌లో కంటే మనుషుల మధ్య నిలబడి వింటేనే ఒంటికి ఎక్కుతుంది.

ఇక గౌరవం మాటకొస్తే, 2014లో ఇదే నగరంలోని కెనెడీ సెంటర్‌లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి ర్యాపర్ నాస్ ప్రదర్శన ఇచ్చాడు. 2018లో కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతే వచ్చింది. గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. లోటంతా అందుబాటులోనే ఉంది. బాగుచేసిన హాల్లో కింది అంతస్తున స్థిరమైన కుర్చీలు లేవు. కార్యక్రమాన్ని బట్టి భోజనాల బల్లలు వేస్తారు, లేదంటే జనం నిలబడి వింటారు. బల్లలు వేసిన రాత్రి టికెట్‌తో పాటు భోజనం బిల్లూ తోడైతే, ఆ వీధిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు బయటే ఉండిపోతాడు. థియేటర్‌కూ ఖర్చులుంటాయి, నిజమే. కానీ దాన్ని నిలబెట్టడానికి ప్రజాధనమూ ఖర్చయింది. కాబట్టి నెలలో కొన్ని రాత్రులైనా కుర్చీలూ బల్లలూ తీసేసి, తక్కువ టికెట్‌కు స్థానిక జంటలకూ బృందాలకూ వేదిక ఇవ్వాలి. హోవార్డ్ యూనివర్సిటీలోనూ, డ్యూక్ ఎలింగ్టన్ పేరిట నడుస్తున్న కళల పాఠశాలలోనూ పాడే పిల్లలకు కొదవ లేదు. పెద్ద జంట పాడే రాత్రి మొదటి అరగంట ఆ పిల్లలకు కేటాయించినా చాలు. వర్జీనియా, మేరీలాండ్ శివార్లలో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు హిప్-హాప్ వింటూనే పెరుగుతున్నారు. షా మెట్రో స్టేషన్‌లో దిగితే థియేటర్ నడిచిపోయే దూరమే. అమ్మానాన్నలు కూడా వాళ్ల వెంట ఒకసారి వెళ్లి వినాలి.