కిమ్ ఉన్‌సుక్ నాటకములు: బడి విడిచిన బాలిక

దక్షిణ కొరియాలో టెలివిజన్ నాటకమునకు ప్రేక్షకులను రప్పించునది నటుల పేరు మాత్రమే కాదు, రచయిత పేరు కూడ. 16 భాగముల కథను మొదటినుండి తుదివఱకు ఒక్కరే వ్రాయుట అచ్చట పరిపాటి. అట్లు వ్రాయువారిలో స్త్రీలే హెచ్చు. వారిలో మిక్కిలి ప్రసిద్ధురాలు కిమ్ ఉన్‌సుక్. 1973లో తూర్పుతీరమందలి గాంగ్నుంగ్‌లో జన్మించిన ఈమె, కొన్నియేండ్లు చిన్న ఉద్యోగము చేసి, పిమ్మట సోల్ నగరమున రచనాభ్యాసము చేసినది. 2004లో ప్రసారమైన 'లవర్స్ ఇన్ పారిస్' ఈమె పేరును ఇంటింటికి చేర్చినది. కలవారి బిడ్డడు, లేనింటి పిల్ల, నడుమ చమత్కార సంభాషణ: ఈ దినుసులతోనే 'సీక్రెట్ గార్డెన్' (2010) మొదలగునవి వెలువడినవి. ఇవి రాకుమారుని కథలే యని విమర్శకులు ఎత్తిపొడిచిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

అట్టి రచయిత్రి 2022 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా 'ది గ్లోరీ'ని లోకమునకు అందించినది. తోడి విద్యార్థుల చిత్రహింసలకు తాళలేక చదువు మానిన బాలిక, పెద్దదై, ఉపాధ్యాయినియై, తన్ను హింసించినదాని కుమార్తె చదువు తరగతికే వచ్చి పగ దీర్చుకొనుట ఇందలి కథ. తన కుమార్తె యడిగిన ప్రశ్నయే దీనికి బీజమని రచయిత్రి చెప్పినది: నేనొకరిని చావగొట్టిన నీకెక్కువ బాధయా, నేనే చావుదెబ్బలు తినిన నెక్కువ బాధయా?

పగ దీర్చుకొను భాగము నాకంతగా రుచింపలేదు. శత్రువులెల్ల ఆమె పన్నిన వలలోనే వచ్చి పడుదురు. లోకమున నట్లు జరుగదు. కాని ఆరంభమున నొక ఘట్టము కలదు. బడి విడుచుటకు కారణముగ నా బాలిక హింసించినవారి పేర్లతోపాటు తన తరగతి ఉపాధ్యాయుని పేరును వ్రాయును. ఆయన ఉపాధ్యాయుల గదిలోనే ఆమెను కొట్టును. మనలో ఎవ్వరును ఆ దృశ్యమును నిశ్చింతగ చూడలేము.

కథ తెరమీదనే నిలిచిపోలేదు. 2023 ఫిబ్రవరిలో జాతీయ పోలీసు దర్యాప్తు శాఖాధిపతిగ నియమితుడైన న్యాయవాది, కుమారుడు బడిలో చేసిన దౌర్జన్యము బయటపడి, మఱునాడే తప్పుకొనవలసివచ్చినది. మార్చిలో ఈ నాటక దర్శకుడే తన విద్యార్థిదశలోని దౌర్జన్యమును ఒప్పుకొని క్షమాపణ కోరినాడు. ఏప్రిలులో ప్రభుత్వము నిబంధనలను బిగించినది: తీవ్రమైన దౌర్జన్యపు నమోదు, చదువు ముగిసిన పిమ్మట 2 ఏండ్లకు బదులు 4 ఏండ్లు నిలుచును, 2026 విద్యాసంవత్సరమునుండి విశ్వవిద్యాలయ ప్రవేశములలో దానిని తప్పక లెక్కింపవలెను.

శిక్ష బరువైన కొలది, కలవారు న్యాయవాదులను పెట్టుకొని తీర్పును ఏండ్ల తరబడి సాగదీయుదురను శంకయు అచ్చట వినిపించినది. నాటకములోని బాలిక పక్షమున మాటాడుటకు ఎవ్వరును లేరు. ఆమె తల్లి డబ్బు పుచ్చుకొని, పిల్లయే బడిలో ఇమడలేదని సంతకము చేసినది.