తీరం ఎవరి వాకిలి?



కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మా వైపు సముద్రపు ఒడ్డుకు జనం వచ్చే కాలం. వేసవి సెలవుల్లో మళ్లీ ఒక విడత. బాపట్ల నుంచి సూర్యలంకకు సుమారు 9 కిలోమీటర్లు ఉంటుంది. ఆదివారం పూట ఆ దారిలో కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. చీరాల దగ్గర ఓడరేవు, రామాపురం తీరాల సంగతీ అంతే. గుంటూరు, విజయవాడ నుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారు కొందరైతే, హైదరాబాదులో రాత్రి బయలుదేరి సూర్యోదయానికి చేరుకునేవారు కొందరు. రావద్దనడానికి మేమెవరం? సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్లవాడు మొదటి అల రాగానే అమ్మ చెంగు పట్టుకొని వెనక్కి పరుగెత్తి, అది వెనక్కి పోగానే మళ్లీ ముందుకు వస్తాడు. ఆ ముఖం చూస్తే చూసేవారికే కడుపు నిండుతుంది.

మా బాధ వాళ్లు వెళ్లాక మొదలవుతుంది.

సోమవారం తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్తే ఏముంటుందో ఒక్కసారైనా చూసిన వారికి వివరించనక్కర్లేదు. బిరియానీ మెతుకులు అంటిన కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు, పగిలిన బీరు సీసాలు, కేకు డబ్బాలు, పిల్లల డైపర్లు, ఒంటి చెప్పులు, తడిసిన బట్టలు. థర్మాకోల్ అయితే పూసలు పూసలుగా విడిపోయి ఇసుకలో కలిసిపోతుంది. దాన్ని ఏరడం ఏ చీపురుకూ చేతకాదు. కుక్కలు, కాకులు ఆ మెతుకుల కోసం పోట్లాడుకుంటూ ఉంటాయి. పోటు వచ్చిందంటే తేలేదంతా నీటిలోకి వెళ్లిపోతుంది, అప్పుడు ఒడ్డు శుభ్రంగా ఉన్నట్టే కనబడుతుంది.

దాన్ని ఎత్తేది ఎవరు? తీరానికి దగ్గర్లో మేము పరిచర్య చేసే ప్రార్థన గుంపులో ఒక అమ్మ ఉంది. కాంట్రాక్టు మీద పారిశుద్ధ్య పని చేస్తుంది. సీజను మొదలైతే ఆమె ఆదివారం ఆరాధనకు రాలేదు. జనం ఎక్కువగా వచ్చేది ఆదివారమే కనుక ఆమెకు సెలవు ఉండదు. పోయిన ఏడాది ఇసుకలో పూడుకుపోయిన సీసా పెంకు గుచ్చుకొని ఆమె అరికాలు చీరుకుపోయింది. టీటీ ఇంజెక్షను, కుట్లు, పది రోజుల కూలి పోవడం. ఆ సీసా పగలగొట్టిన కుర్రవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అతను చెడ్డవాడు కూడా కాకపోవచ్చు. వాళ్లింట్లో గ్లాసు పగిలితే, చిన్న తమ్ముడు అటు రాకుండా నిలబడి, పెంకులన్నీ ఏరి, తడిగుడ్డతో తుడిచి ఉంటాడు. మరి ఇక్కడ ఎందుకు చేయలేదు? ఇది ఎవరిదీ కాదనుకున్నాడు.

అసలు పొరపాటు అక్కడే ఉందని మేము అనుకుంటున్నాము. ఊరికి గడపలుంటాయి, పొలానికి గట్లుంటాయి. సముద్రానికి ఏవీ ఉండవు. అందుకని అది ఎవరిదీ కాని బయలు అనిపిస్తుంది. కానీ ఆ ఇసుక మత్స్యకారులకు వాకిలి. వాళ్ల పొలం, కళ్లం కూడా అదే. అలివి వల లాగేటప్పుడు రెండు వైపులా వరుసగా నిలబడి, తాడు పట్టుకొని, వట్టి కాళ్లతో వెనక్కి వెనక్కి అడుగులు వేస్తారు. వెనక ఏముందో చూసుకోవడానికి వాళ్లకు వీలుండదు. చేపలు ఎండబెట్టేది ఆ ఇసుకలోనే. తెగిన వలలు పరచుకొని అల్లుకునేది అక్కడే. మనకు ధాన్యం కళ్లంలో ఉండగా ఎవరో వచ్చి దాని మీద కూర్చొని సీసాలు తాగి పగలగొట్టి పోతే ఊరంతా కర్రలు పట్టుకొని బయలుదేరదా? వాళ్లు మాత్రం ఏమీ అనలేక చూస్తూ ఉంటారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని తూర్పు తీరంలో మరబోట్లతో వేట నిషేధిస్తారు. పడవలన్నీ ఒడ్డుకు చేరతాయి. వేసవి సెలవులూ సరిగ్గా ఆ రోజుల్లోనే. పడవ ఎక్కి ఫోటోలు దిగడం, ఆరబెట్టిన వల మీద చెప్పులతో నడవడం, ఇదేమిటన్న పెద్దాయనతో దబాయించి మాట్లాడటం మేము కళ్లారా చూశాము. ‘మా డబ్బులతోనేగా మీరు బతుకుతున్నది’ అన్నమాట కూడా విన్నాము. నిజమే, వేయించిన చేపలు అమ్ముకునే అమ్మలకు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవారికి, ఆటోవాళ్లకు ఆ జనం వల్లే నాలుగు రూపాయలు వస్తాయి. ఆ సంగతి దాచనవసరం లేదు. అయితే ఇంటి నుంచి డబ్బాల్లో వండి తెచ్చుకొని, కూల్‌డ్రింకులు కూడా పట్నంలోనే కొని, ఇక్కడ ఖాళీ ప్లేట్లు తప్ప మరేమీ వదలని గుంపులు ఎన్ని లేవు! పైగా చేప ముక్క కొన్నవాడు చేప ముక్కనే కొన్నాడు, వాకిలిని కొనలేదు.

అలలోకి దిగి కొట్టుకుపోయేవారిని ప్రాణాలకు తెగించి బయటికి లాగేది కూడా చాలాసార్లు ఆ పల్లెల కుర్రాళ్లే. తాగి నీళ్లలోకి దిగవద్దని వాళ్లు చెబితే వినరు. పిల్లలతో వచ్చిన తల్లులైనా ఈ మాట వినాలి.

మాట రాని జీవాల గురించి కూడా ఒకటి చెప్పాలి. జనవరి నుంచి మా తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి. కుక్కలు, నక్కలు తినకుండా అటవీ శాఖ వారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తున్నారు. పిల్లలు పుట్టగానే వెలుగు కనబడిన వైపుకు నడుస్తాయి. చీకట్లో సముద్రపు అంచే వాటికి వెలుగు. ఒడ్డున పెద్ద దీపాలు, కార్ల హెడ్‌లైట్లు ఉంటే దారి తప్పి రోడ్డు వైపు పోతాయి. ఇక నీటిలో తేలే పాలిథిన్ సంచి సముద్రపు తాబేలు కంటికి జెల్లీ చేపలా కనబడుతుంది. తింటుంది, అరగదు, చస్తుంది. మన చేతి సంచి అంత దూరం ప్రయాణం చేస్తుందని ఎవరు అనుకుంటారు?

ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగేవారున్నారు. అడగాలి. వచ్చే జనానికి తగినన్ని మరుగుదొడ్లు లేవు, బట్టలు మార్చుకోవడానికి ఆడవారు పడే ఇబ్బంది చెప్పరానిది, చెత్తబుట్టలు మధ్యాహ్నానికే నిండి పొర్లుతాయి. సూర్యలంక అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. అవి ముందు మరుగుదొడ్లకు, చెత్త తీసే మనుషుల జీతాలకు చేరాలని, తరువాతే అందాల బొమ్మలకు చేరాలని మా మనవి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ చట్టం ఉన్నట్టు మన సంతలో ఎవరికైనా తెలుసా? అడిగితే దుకాణదారు నవ్వుతాడు.

కానీ చట్టాలు, బోర్డులు ఎంతవరకు పని చేస్తాయో విశాఖపట్నాన్ని చూస్తే తెలుస్తుంది. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, భద్రత, సౌకర్యాలు చూసి అంతర్జాతీయంగా ఇచ్చే గుర్తింపు అది. 2025లో, శుభ్రత సరిగా లేదని, కుక్కలు తిరుగుతున్నాయని ఫిర్యాదులు వెళ్లడంతో ఆ జెండాను తాత్కాలికంగా దించవలసి వచ్చింది. అధికారులు పరుగులు పెట్టి సరిచేశాక మళ్లీ ఇచ్చారు. జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్న చోటే అలా ఉంటే, నలుగురు కార్మికులున్న పల్లె తీరం సంగతి ఆలోచించండి. ఏడాదికొకసారి టీ షర్టులు వేసుకొని, బ్యానరు పట్టుకొని ఒడ్డు ఊడ్చే కార్యక్రమాలు కూడా చూస్తున్నాము. మంచిదే. ఆ రోజు పంచిన నీళ్ల సీసాలు కూడా ఎత్తుకెళ్తే ఇంకా మంచిది.

‘చెత్తబుట్ట లేదు, ఏం చేస్తాం’ అనేవారిని మేము అడిగేది ఒకటే. లీటరు నీళ్లున్నప్పుడు ఆ సీసా కిలో బరువు. అంత బరువును అంత దూరం మోసుకొచ్చిన చేతికి, ఖాళీ అయ్యాక అది బరువైపోయిందా?

ఇది ఏ ఒక్క మతం వారి తప్పని మాత్రం అనుకోవద్దు. కార్తీక స్నానాలకు వచ్చేవారు పూర్వం అరటి దొప్పల్లో దీపాలు వదిలేవారు, అవి నాలుగు రోజుల్లో కుళ్లి నీటిలో కలిసేవి. ఇప్పుడు థర్మాకోల్ దొప్పలు వచ్చాయని వాళ్ల పెద్దలే బాధపడుతున్నారు. మరి మన వాళ్లు? పునరుత్థాన పండుగ వేకువ ఆరాధనకు, బాప్తిస్మాలకు, క్రిస్మస్ తరువాత యౌవనస్థుల సహవాసానికి ఎక్కడెక్కడి సంఘాలో బస్సులు కట్టుకొని ఒడ్డుకు వస్తాయి. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, ప్రేమవిందు అన్నీ జరుగుతాయి. వాళ్లు వెళ్లాక సంఘం పేరు, కాపరి ఫోటో ఉన్న ఫ్లెక్సీ ఇసుకలో సగం పూడి ఉండటం చూస్తే పల్లెవారు మన గురించి ఏమనుకుంటారు? ఇంతసేపూ మైకులో విన్న మాటల కన్నా ఆ ఫ్లెక్సీయే వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమంది పురుషులు భోంచేసిన సంగతి మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదీ గలిలయ సముద్రపు దగ్గరే. ఆ అద్భుతం మీద మేము చాలా ప్రసంగాలు విన్నాము. భోజనాలయ్యాక ఏం జరిగిందనే దాని మీద విన్నవి తక్కువ. మిగిలిన ముక్కలు ఏమీ పాడైపోకుండా పోగుచేయమని ప్రభువు చెప్పాడు, పన్నెండు గంపలు నిండాయి. అవి ఆహారపు ముక్కలు, చెత్త కాదు కదా అని ఒకరు అనవచ్చు. ఒప్పుకుంటాము. మేము చూసేది ఆ గంపలు మోసింది ఎవరని. కూలివాళ్లను పిలవలేదు. ప్రభువుతో కలిసి తిరిగిన శిష్యులే పచ్చికలో వంగి ఏరారు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇంకా సూటిగా ఉంది. యుద్ధానికి దిగిన పాళెములో ఉన్నవాడు కూడా బహిర్భూమికి వెలుపలికి వెళ్లాలి, తవ్వే పనిముట్టు ఒకటి వెంట ఉంచుకోవాలి, పని అయ్యాక మట్టితో కప్పాలి. యుద్ధం మధ్యలోనే అంత పట్టింపు ఉంటే, విహారానికి వచ్చినవారికి తీరిక లేదంటే ఎలా నమ్మడం?

హైదరాబాదు, బెంగళూరుల నుంచి పండుగకు వచ్చే మన పిల్లలకు ఒక మాట. మీరు స్నేహితులను వెంటబెట్టుకొని వస్తారు, ‘మా ఊరి బీచ్’ అని గర్వంగా చూపిస్తారు. మాకూ సంతోషమే. మీ వాళ్లకు సముద్రంతో పాటు ఆ వల అల్లుకునే తాతను కూడా పరిచయం చేయండి. ‘తాతా, బాగున్నావా, ఇక్కడ కూర్చోవచ్చా’ అని ఒక్క మాట అడిగి కూర్చోండి. అలా అడిగినవాడు అక్కడ సీసా పగలగొట్టడం మేము ఇంతవరకూ చూడలేదు. కారు రోడ్డు మీద అడ్డంగా పెట్టవద్దు. అంబులెన్సుకు దారి ఉండాలి. వీలైతే ఆదివారం వదిలి మంగళవారమో బుధవారమో వెళ్లండి. జనం తక్కువ, ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, చేప కూడా చవక.

ఈ డిసెంబరులో చుట్టుపక్కల సంఘాల యౌవనస్థులు కలిసి తీరానికి వెళ్లే ఏర్పాటు జరుగుతోంది. పెద్దలతో కూర్చొని కొన్ని సంగతులు అనుకున్నాము. ఫ్లెక్సీ ఉండదు. గుడ్డ బ్యానరు చాలు. ఎవరి స్టీలు కంచం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి, తేలేనివారికి మందిరంలోని ప్రేమవిందు కంచాలు ఇస్తారు. నీళ్లు ట్రాక్టరు మీద డ్రమ్ముల్లో వస్తాయి. సాయంత్రం ఐదింటికి బదులు నాలుగింటికే కార్యక్రమం ముగించి, మిగిలిన గంట అందరమూ గోనెసంచులు పట్టుకొని మనం కూర్చున్న చోటు, దాని పక్కన మనవి కాని చోట్లు కూడా ఏరతాము. నిండిన సంచులను పల్లెలో దించకుండా మన బస్సుల్లోనే వెనక్కి తెచ్చి బాపట్లలో మున్సిపాలిటీ బండికి అప్పగిస్తాము. ఆ రోజు ఆదివారం కాకుండా చూడమని ఆ పారిశుద్ధ్యం అమ్మ అడిగింది, ఆమె కూడా మనతో వస్తానంది. కాబట్టి శనివారం పెట్టాము. వచ్చేవారు పేర్లు నెలాఖరులోగా సంఘ పెద్దలకు ఇవ్వండి, గోనెసంచులు ఎవరింట్లో మిగిలి ఉన్నా మందిరంలో అందజేయండి.