కంట్లో పాప... బడిలో పిల్ల!

ఐదో తరగతి చదివే మా అమ్మాయి మొన్న సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. 'నాన్నా, ప్యూపిల్ అంటే స్టూడెంటు కదా, మరి కంట్లో ఉందని రాశారేంటి?' అంటూ. 'అది వేరు, ఇది వేరు' అని తప్పించుకోబోయాను. తీరా నిఘంటువు తీస్తే రెండూ ఒక తల్లి బిడ్డలే!

ఆ తల్లి లాటిన్ మాట 'పూపా'. చిన్నపిల్ల అనీ అర్థం, ఆడుకునే బొమ్మ అనీ అర్థం. దాన్నే ఇంకాస్త ముద్దుచేసి 'పూపిల్లా' అన్నారు. ఎవరి కళ్లలోకైనా బాగా దగ్గరగా చూడండి. నల్లటి గుండ్రం మీద బుల్లి బొమ్మ కనిపిస్తుంది. అది మనమే! నిజానికి ఆ నలుపు ఓ కన్నం, అంతే. వెలుతురు లోపలికెళ్లే దారి. ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుని, చీకట్లో 8 దాకా విచ్చుకుంటుంది. దాని ముందుండే కార్నియా పొర అద్దంలా మెరుస్తుంది, వెనక నలుపు ఉండటంతో మన బొమ్మ తేటగా కనపడుతుంది. రోమన్లు పేరు పెట్టింది ఆ బొమ్మను చూసే. గ్రీకుల 'కోరే'కీ అమ్మాయి, కంటిపాప అని రెండర్థాలు. సంస్కృతంలో 'కనీనిక' కూడా అంతే. ఇక మన 'కంటిపాప' సంగతి చెప్పేదేముంది! ఇందులో ఎవరు ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నారని వెతకడం దండగనిపిస్తుంది నాకు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఏ తల్లికైనా కనిపించేదే కదా.

పప్పెట్, గూటిలోని పట్టుపురుగు 'ప్యూపా'... ఇవీ ఆ ఇంటివే.

బడిలో ప్యూపిల్ కథే కాస్త బరువైంది. రోమన్ చట్టంలో 'పూపిల్లస్' అంటే తండ్రి పోయి, సంరక్షకుడి చేతికొచ్చిన పసివాడు. 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చినప్పుడూ అనాథ బిడ్డ అనే అర్థం. గురువు దగ్గర చదువుకునేవాడన్న అర్థం 16వ శతాబ్దానికి గానీ రాలేదు. స్కాట్లండ్ చట్టంలోనైతే 12 ఏళ్లలోపు ఆడపిల్లను, 14 ఏళ్లలోపు మగపిల్లాడిని ప్యూపిల్ అనే లెక్కించేవారు. 1991లో వచ్చిన చట్టంతో అది పోయింది.

ఇదంతా చెప్పి తలెత్తేసరికి మా అమ్మాయి లేదు. వరండాలో నానమ్మ ముఖంలో ముఖం పెట్టి, 'కదలకు... నీ కంట్లో నేనున్నాను' అంటోంది. మా అమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, రెప్ప వేయకుండా కూర్చుంది.