గృహవిజ్ఞానము: మందుగుండులోని మర్మము

దీపావళినాడు టపాకాయలను పెద్దవాండ్రకు విడిచి, కాకరపువ్వొత్తులను పసివాండ్ర చేతికిచ్చుట మనకు వాడుక. మేమును అట్లే చేసెడివారము. మూడేండ్ల క్రిందట మా చిన్నది, ఆరిపోయిన ఒత్తి తీగను త్రొక్కి అరికాలు కాల్చుకొనినది. నలుపెక్కిన తీగ చల్లారినదేయని తలచి దానిని వాకిట పారవైచినది మేమే.

అత్తగారు సిరాబుడ్డి తెచ్చిరి. మేము వలదని, పంపుక్రింద 20 నిమిషములు పాదముంచితిమి. పారునీరు లోనికి దిగిన వేడిని లాగివేయును. సిరాయు, నెయ్యియు అట్టి మేలు చేయవు. పైపెచ్చు సిరారంగు వైద్యునికి పుండును కానరానీయదు. చేయి కాలినచో వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీయవలెను. కంటికి దెబ్బతగిలినచో నలుపక, ఏమియు వేయక వైద్యునికడకు పోవలెను.

నీరు కాగుటకు 100 డిగ్రీలు చాలును. కాకరపువ్వొత్తి వేడి 1000 డిగ్రీలకు మించును. ఆ రాలు పువ్వులన్నియు మండుచున్న లోహపు రజనే!

ఇక టపాకాయ మాట. పొయ్యిలోని కట్టె గాలి లేనిదే మండదు. మందుగుండు అట్లుకాదు. తుపాకిమందులో నూటికి ఇంచుమించు 75 పాళ్లు సురేకారము, 15 బొగ్గు, 10 గంధకము. సురేకారము ప్రాణవాయువును తనలోనే యిముడ్చుకొనియుండి, వేడి సోకగనే విడుచును. మిగిలిన రెండును దానితోనే మండును, బయటిగాలితో పనిలేదు. ఆ పొడియే విడిగానున్న బుస్సుమనును. కాగితమున బిగించి చుట్టిన, పుట్టిన వాయువులకు త్రోవలేక పెటిల్లున పగులును. ఇది యెరుగకనే మగపిల్లలు టపాకాయపై డబ్బానో కొబ్బరిచిప్పనో బోర్లింతురు. మూత మంటనార్పదు సరికదా, తానే ముక్కలై ముఖమునకెగురును. వెలుగక నిలిచిన చిచ్చుబుడ్డిపై వంగి చూచుటయు, దానిని మరల వెలిగించుటయు అంతటి సాహసమే. కొంతసేపు తాళి, దూరమునుండి నీరు గ్రుమ్మరింపవలెను.

1497లో ఓఢ్రసింహాసనమెక్కిన ప్రతాపరుద్ర గజపతి, మన కృష్ణరాయల మామగారు, కౌతుకచింతామణి యను సంస్కృతగ్రంథమున బాణసంచా పాళ్లు తెలిపెను. ఆ విద్య యెంత పాతదైనను, మన వంటింటి రోటికి మాత్రము తగదు. ఉల్లిపాయబాంబులు మరియు క్రూరమైనవి. వానికి నిప్పుతోడనే పనిలేదు, ఒరిపిడియో కుదుపో చాలును. 2024 దీపావళినాడు ఏలూరులో స్కూటరుపై గొనిపోవుచుండగా గోతిలో కుదుపునకు అవి ప్రేలి, ఒకరు ప్రాణము గోల్పోయిరి.

మరుసటియేట వాకిట నీళ్లబొక్కెన అత్తగారే పెట్టించిరి. ఆరిన తీగలన్నియు అందులోనికే పోయినవి. చిన్నది చెప్పులు తొడుగుకొననని మారాముచేసినది. తొడుగుకొనువరకు ఆమె ఒత్తి యియ్యలేదు.