9 వోల్ట్ బ్యాటరీ వద్దు, పాత ఛార్జరే ముద్దు

ఆర్డుయినో ఊనో ఆర్3 కొన్న చాలామంది దాంతోపాటే చిన్న 9 వోల్ట్ బ్యాటరీ కూడా కొనేస్తారు. నన్నడిగితే అది డబ్బు దండగ. బోర్డుకి కావాల్సింది 5 వోల్టులు. మిగతా 4 వోల్టులు రెగ్యులేటర్‌లో వేడిగా పోతాయి. పైగా ఆ బ్యాటరీ కెపాసిటీ సుమారు 500 ఎంఏహెచ్ మాత్రమే. సర్వో మోటార్ తిరగ్గానే వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. మీరేమో కోడ్‌లో తప్పు కోసం రాత్రంతా వెతుకుతారు!

ఇంట్లో మూలన పడున్న 5 వోల్ట్, 2 ఆంపియర్ ఫోన్ ఛార్జర్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో బోర్డుకి పెట్టేయండి. సర్వోలకి మాత్రం విడిగా 5 వోల్టులు ఇచ్చి, గ్రౌండ్ వైర్లు కలపండి. ఎందుకంటే 500 మిల్లీఆంపియర్లు దాటితే బోర్డు మీదున్న ఫ్యూజ్ అడ్డుపడుతుంది. పవర్ బ్యాంక్ కూడా ఓకేనే. కాకపోతే ఒక్క ఎల్ఈడీ వెలిగిస్తుంటే, లోడ్ లేదనుకుని కొన్ని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి.